వ్యాసం, వ్యాసార్ధం

మన బడి సంచికకి ఏదైనా వ్యాసం రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. వ్యాసం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది రాతకోతలు కాదు, వృత్తాన్ని అడ్డంగా కొలిచే గీత. ఆ గీత దగ్గర నేను చేసిన ఘనకార్యం మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. మిగతా వాళ్లకి తెలియదు కాబట్టి అదే రాస్తున్నాను.

మేం పదకొండులో ఉండగా ఫిజిక్స్ మాస్టారు నోటీసు బోర్డుకి ఒక కాగితం గుచ్చారు. స్పేస్ సెటిల్‌మెంట్ డిజైన్ కాంపిటీషన్. అంతరిక్షంలో వేలమంది కాపురం ఉండే ఊరిని హైస్కూలు పిల్లలు డిజైన్ చెయ్యాలి. 1984లో అమెరికాలో అనితా గేల్, డిక్ ఎడ్వర్డ్స్ లాంటి ఇంజనీర్లు మొదలుపెట్టిన పోటీ ఇది. ఆసియా రౌండు ఢిల్లీ పక్కన గుర్గావ్‌లో. ముందు ఇక్కడి నుంచే ప్రపోజల్ రాసి పంపాలి, నచ్చితే పిలుస్తారు.

మాస్టారు మొదటి పాఠం బోరింగు దగ్గర చెప్పారు. ఇత్తడి చెంబుకి తాడు కట్టి, సగం దాకా నీళ్లు పోసి, నెత్తి మీదుగా గిరగిరా తిప్పారు. చుక్క పడలేదు.

"నీళ్లెందుకు పడలేదురా?"

"చెంబు అడుగే వాటికి నేల సార్" అన్నాడు వెనక బెంచీ వాడొకడు. అప్పటిదాకా వాడు ఫిజిక్స్‌లో నోరు విప్పగా మేం చూడలేదు. అంతే, వాడు టీములోకి వచ్చేశాడు. మర్నాడు మేం తిప్పితే తాడు తెగి చెంబు వేపచెట్టెక్కింది, అది వేరే కథ.

అంతరిక్షంలో ఊరన్నా అదే చెంబు, తిప్పితేనే జనం నేలకి అతుక్కుని ఉంటారు. 1975 వేసవిలో నాసా ఏమ్స్ కేంద్రంలో, స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీతో కలిసి కొందరు ప్రొఫెసర్లు కూర్చుని గీసిన బొమ్మ ఒకటుంది. స్టాన్‌ఫోర్డ్ టోరస్ అంటారు. పెద్ద గారె అనుకోండి. అడ్డకొలత దాదాపు 1.8 కిలోమీటర్లు, లోపల 10,000 మంది జనం. నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది. బయటి అంచు లోపలి వైపు నేల, అందరి తలలూ గారె చిల్లు వైపు. గారె చిన్నదైతే ఇంకా జోరుగా తిప్పాలి. మరీ జోరైతే జనానికి కళ్లు తిరుగుతాయి, అందుకే నిమిషానికి రెండు చుట్లు దాటనివ్వరు. రేడియేషన్ ఆపడానికి చుట్టూ మట్టి కప్పాలి. ఆ మట్టి చంద్రుడి మీద నుంచి తేవడమే చవక. భూమిని వదిలించుకోవాలంటే సెకనుకి 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, చంద్రుడి దగ్గర 2.4 చాలు. పైగా ఆ మట్టిలో బరువులో 40 శాతం పైనే ఆక్సిజన్. ఇది విన్నరోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మట్టిలోంచి గాలి పిండుకోవచ్చని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మరి.

సంక్రాంతి అయిన వారానికి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తొమ్మిది మందిమి, మాస్టారు, రెండు డబ్బాల అరిసెలు. గుర్గావ్ చలికి మా స్వెటర్లు ఏ మూలకీ చాలలేదు.

అక్కడికి వెళ్లాక తెలిసింది అసలు సంగతి. మన బడి మన టీము అంటే కుదరదు. రకరకాల బళ్ల పిల్లల్ని కలిపి కంపెనీలు చేస్తారు. మాది గ్రంబో ఏరోస్పేస్. కంపెనీలన్నీ ఉత్తుత్తివే గానీ పని మాత్రం నిజం. శనివారం పొద్దున్న ఏమేం కావాలో కాగితం ఇస్తారు, ఆదివారం పొద్దున్నకల్లా డిజైన్ మొత్తం అప్పజెప్పాలి. ప్రతి కంపెనీకి ఒక అసలు ఇంజనీరు సీఈఓ. ఆయన బొమ్మ గియ్యడు, లెక్క చెయ్యడు. బల్లల మధ్య తిరుగుతూ ప్రశ్నలు వేస్తాడు. మా సీఈఓ బట్టతల పెద్దమనిషి, టీ ఫ్లాస్కు చంకలోంచి దించేవాడు కాదు. "ఇది పాడైతే బాగుచేసేది ఎవరు?" అన్నది ఆయన ఊతపదం. బల్బు గురించైనా అదే, ఎయిర్‌లాక్ గురించైనా అదే.

నన్ను ఊరి ఆకారం, కొలతలు చూసే స్ట్రక్చరల్ విభాగంలో వేశారు. నిమిషానికి ఒక చుట్టు, భూమ్మీద ఉన్నంత గురుత్వం కావాలంటే వ్యాసార్ధం 895 మీటర్లు. నోటి లెక్కలా వచ్చేసింది. చార్టు పరిచి, సెంటీమీటరుకి 50 మీటర్ల చొప్పున గారె గీశాను. అందరూ భలే ఉందన్నారు. హ్యూమన్ ఇంజనీరింగ్ వాళ్లు ఆ చార్టు చూసి ఇళ్లు, పార్కులు సర్దుకున్నారు.

రాత్రి మూడు దాటింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన అమ్మాయొకతి అరిసె కొరుకుతూ నా చార్టు మీద స్కేలు పెట్టింది. అంచు నుంచి అంచుకి 17.9 సెంటీమీటర్లు. స్కేలు తీసి మధ్య నుంచి అంచుకి పెట్టింది. ఏమీ అనలేదు. స్కేలు అక్కడే వదిలేసి నా వైపు చూసింది.

నేను వ్యాసార్ధాన్ని వ్యాసంగా గీశాను. నేల 447 మీటర్ల దగ్గరే ఉంది. మా ఊళ్లో 60 కిలోల మనిషి 30 కిలోలే తూగుతాడు.

టెన్షన్‌కి చేతులు చల్లబడ్డాయి. సీఈఓ వచ్చి చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. గారె పెంచుతావా, వేగం పెంచుతావా అన్నాడు. గారె పెంచితే ఇళ్లన్నీ మళ్లీ మొదటికి. వేగమైతే నిమిషానికి 1.4 చుట్లు, రెండు లోపే. పైగా వ్యాసార్ధం సగమైతే గారె కట్టడానికి సామానూ తక్కువే పడుతుంది. ఇంత తప్పులో కూడా లాభం దొరికినందుకు నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "ఇది ఎవరెవరికి చెప్పాలి?" అన్నాడు.

హ్యూమన్ వాళ్లకి చెప్పాను. ఆటోమేషన్ వాళ్లకి చెప్పాను, వాళ్లలో ఒకడు దణ్ణం పెట్టాడు. అంతరిక్ష ఓడల రాకపోకలు చూసే ఆపరేషన్స్ వాళ్లు పై అంతస్తులో ఉన్నారు. మెట్ల దాకా వెళ్లాను. తప్పు నాదేనని మూడోసారి చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. వాళ్లకెలాగూ తెలుస్తుందిలే అనుకుని వెనక్కి వచ్చేశాను.

ప్రెజెంటేషన్ బాగానే సాగింది. జడ్జీల్లో ఒకాయన కళ్లజోడు సర్దుకుని అడిగాడు: ఒక పేజీలో నిమిషానికి 1.4 చుట్లు అన్నారు, ఓడలు ఆగే చోట 1 అన్నారు, పైలట్ ఏది నమ్మాలి? ఆపరేషన్స్ పిల్లలు బిక్కమొహాలు వేశారు. నేను లేచి నిలబడి, 1.4 సార్, వాళ్లకి చెప్పాల్సింది నేను, చెప్పలేదు అన్నాను. సీఈఓ వెనక వరసలో కూర్చుని ఫ్లాస్కు మూత బిగించుకుంటున్నాడు.

మేం గెలవలేదు. అదొక్కటే కారణమని కాదు, గెలిచిన వాళ్ల డిజైన్ మాకంటే బాగుంది. మా బ్యాచ్ వాళ్లు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.

తిరుగు ప్రయాణంలో మాస్టారు ఒక్కటే అడిగారు.

"ఆ స్కేలు పెట్టిన పిల్లకి థాంక్స్ చెప్పావా?"

"లేదు సార్."

"అరిసెలైనా పెట్టారుగా" అని దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

ఆ డిజైన్ కాపీ ఒకటి మన ఫిజిక్స్ ల్యాబు బీరువాలో, కుడివైపు కింది అరలో, స్ప్రింగ్ త్రాసుల వెనక ఉండాలి. నీలం అట్ట. ఇప్పుడు తాళం ఎవరి దగ్గరుందో గానీ, ఒక చిన్న పని చేసిపెట్టండి. ఓడలు ఆగే చోటు గురించి రాసిన పేజీ తీసి, 1 కొట్టేసి 1.4 అని రాయండి. పెన్సిల్ వద్దు, పెన్నుతోనే.