‘రెస్పెక్ట్’ సాధన: బ్రిడ్జి దగ్గర మకాం

ఈ వారం ‘రెస్పెక్ట్’ పాటలో బ్రిడ్జి (మధ్యలో బాణీ మారే ముక్క) కాస్త చేతికొచ్చింది. పూర్తి వేగంలో కాదు లెండి. అమెరికన్ గాయని అరేతా ఫ్రాంక్లిన్ రికార్డు నిమిషానికి 115 బీట్ల దరిదాపుల్లో నడుస్తుంది. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి మారకుండా వేగం 75 శాతానికి, అంటే 86కి, దించి, ఆ ముక్క ఒక్కటే లూప్‌లో పెట్టి కీబోర్డు మీద వాయిస్తున్నాను.

మిగతాది తేలికే: చరణానికి జి, ఎఫ్ కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), హుక్ (పదేపదే వచ్చే ముక్క) దగ్గర సి, ఎఫ్.

అసలు సోల్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడిన పాటలో బ్రిడ్జే లేదు. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, డ్రమ్ములు తోసుకుంటూ పోతాయి, అంతే. సంపాదించి ఇంటికొచ్చిన మగాడి డిమాండ్ అది. 1966లో మిషిగన్ బ్యాండు ‘ది రేషనల్స్’ దాన్ని గరాజ్ రాక్ అనే మోటు రాక్ శైలిలోకి దించింది. వినడానికి హుషారే కానీ, పాట కొలతలు మారలేదు. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో అరేతా పాడినప్పుడు మారాయి. అక్షరాలు విడగొట్టి పలకడం, చెల్లెలు కారొలిన్, అక్క ఎర్మా అందుకునే వంతపాట, బ్రిడ్జి: మూడూ కొత్తవే. ఇప్పుడు డబ్బూ, డిమాండూ రెండూ ఆమెవే. అదే ఏడాది జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ పాప్ ఫెస్టివల్ వేదిక మీద ఓటిస్ కూడా, ఒకమ్మాయి నా పాట ఎత్తుకుపోయిందని సరదాగా ఒప్పేసుకున్నాడు.

ఆ బ్రిడ్జి కార్డులు శామ్ అండ్ డేవ్ అనే గాయకుల జంట పాడిన వేరే పాటలోవి. వాటి మీద కింగ్ కర్టిస్ శాక్సోఫోన్. పాట సి మేజర్‌లో ఉంటే బ్రిడ్జి ఎఫ్ షార్ప్ మైనర్‌లో మొదలవుతుంది. సి షడ్జమం అనుకుంటే అది ప్రతి మధ్యమం. అంత దూరం గెంతడం చెవికి బెదురుగా ఉండాలి కదా, ఉండదు! నాకింకా వింతే.

వేళ్ల సంగతి: ఎఫ్ షార్ప్ మైనర్ నుంచి బి7కి వెళ్లేటప్పుడు ఎఫ్ షార్ప్, ఎ మీటలు వదలొద్దు. సి షార్ప్ వదిలి బి, డి షార్ప్ పట్టుకుంటే చాలు. సి మేజర్‌కి తిరిగొచ్చే దారి జి7. బి7 నుంచి అక్కడికి బి కదలదు. డి షార్ప్, ఎఫ్ షార్ప్ ఒక్కో అర్ధస్వరం కిందికి జారతాయి, ఎ కాస్తా జి అవుతుంది. ఈ జారుడు పట్టుబడ్డాకే మెట్రోనోమ్‌ని (లయ కొట్టే సాధనాన్ని) 86 దాటించాను.

ఇక 95. అది కుదిరితే ఎడమ చేత్తో బాస్ కలుపుతాను. వంతపాటకి ఇంట్లో ఇద్దరిని అడిగాను. ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరు వంట అయ్యాక చూద్దామన్నారు.