ఏఐ రాసిన తెలుగును దిద్దాలంటే మాటలు మారిస్తే చాలదు

ఏఐ రాసిచ్చిన తెలుగులో తప్పులు వెతికితే పెద్దగా దొరకవు. అచ్చుతప్పులుండవు, విభక్తులు దాదాపు సరిగ్గానే పడతాయి, పేరాలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. అయినా రెండు లైన్లు పైకి చదివితే చాలు, మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడని తెలుగు ఇదని చెవికి తెలిసిపోతుంది. తిరుపతిలో కరపత్రాలు, బ్రోచర్లు, సన్మానపత్రాలు దిద్దే పని నాది. ఈమధ్య నా దగ్గరికి వచ్చేవాటిలో చాలామటుకు ఏఐ రాసినవే, తెచ్చేవాళ్ళు కూడా దాచరు, "అంతా రెడీగా ఉంది, కాస్త మనిషి రాసినట్టు చేసివ్వండి" అంటారు. ఆ కాస్త ఏమిటో చెప్పాలనే ఈ పోస్టు.

చాలామంది మొదట మాటలు మారుస్తారు. "మరియు" తీసేస్తారు, "యొక్క" కొట్టేస్తారు, సంస్కృతం మాట ఉన్నచోట తేలిక మాట పెడతారు. వాక్యం మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, ఎందుకంటే దాని కట్టుబడే ఇంగ్లీషుది. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే ఏఐ మోడల్‌కి చదివించిన పాఠంలో మాటల లెక్కన సుమారు 93 శాతం ఇంగ్లీషే అని దాన్ని తయారుచేసినవాళ్ళే తమ పేపర్లో చెప్పారు. మిగిలిన ఆ కొంచెంలో తక్కిన భాషలన్నీ సర్దుకోవాలి. దానికితోడు మన లిపి కంప్యూటర్లో ఎక్కువ చోటు తీసుకుంటుంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో అక్షరానికి మూడు, దాని గుడికో కొమ్ముకో మళ్ళీ మూడు, అలా "తిరుపతి" అని రాయడానికి 21 బైట్లు కావాలి. ఏఐ చదివేముందు పాఠాన్ని ముక్కలుగా కోసేదాన్ని టోకనైజర్ అంటారు, ఇంగ్లీషే ఎక్కువగా చూసిన టోకనైజర్ ఆ మాటను ముక్కలు ముక్కలుగా చూస్తుంది. తర్వాత వచ్చిన మోడళ్ళు చాలా మెరుగయ్యాయి, నేనూ ఒప్పుకుంటాను, కానీ వాక్యం కట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు.

రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే ఒకాయన తెచ్చిన బ్రోచర్ చూడండి. "మా లాడ్జి స్టేషన్ నుండి కేవలం కొద్ది దూరంలో ఉంది మరియు భక్తులకు ఒక సౌకర్యవంతమైన, ప్రశాంతమైన మరియు సరసమైన బసను అందిస్తుంది. మా గదులు ఆధునిక సదుపాయాలను కలిగి ఉన్నాయి." దీన్ని పదం పదం దిద్దుకుంటూ పోతే ఎక్కడికీ చేరం. ఈ వాక్యాల్లో ఎవరూ ఏ పనీ చేయడం లేదు, లాడ్జి బసను "అందిస్తోంది", గదులు సదుపాయాలను "కలిగి" ఉన్నాయి. తెలుగులో బరువు క్రియ మీద పడుతుంది, ఎవరొచ్చారు, ఏం చేశారు అన్నదే వాక్యాన్ని నడిపిస్తుంది. అందుకే ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, రాత్రి పన్నెండింటికి రైలు దిగి వచ్చినవాళ్ళని ఏం చేస్తారు?" అని అడిగాను. "గేటు తీసే ఉంటాది, పిల్లోడు కౌంటర్లోనే పండుకుంటాడు" అన్నాడు. కొండకు నడిచిపోయేవాళ్ళ సంగతి అడిగితే, వాళ్ళు తెల్లారుజామునే లేస్తారని, మూడున్నరకే వేడినీళ్ళు పెట్టిస్తానని చెప్పాడు. చివరికి బ్రోచర్లోకి వెళ్ళింది ఇది: "రాత్రి ఎన్ని గంటలకు రైలు దిగినా నేరుగా వచ్చేయండి, కౌంటర్లో మనిషి ఉంటాడు. అలిపిరి మెట్ల దారిలో నడిచి వెళ్ళేవాళ్ళకు తెల్లవారుజామున మూడున్నరకే వేడినీళ్ళు ఇస్తాం. లగేజీ మా దగ్గర పెట్టి వెళ్ళొచ్చు."

ఇందులో సౌకర్యం అనే మాటే లేదు. పిల్లలనీ సామాన్లనీ వెంటేసుకుని రైలు దిగేవాళ్ళకు కావలసిన సౌకర్యం మాత్రం ఉంది.

పైకి చదివితే ఇంకో సంగతి కూడా పట్టుబడుతుంది. ఏఐ పేరాలో ప్రతి వాక్యం "ఉంది, ఉంటుంది, అందిస్తుంది, సహాయపడుతుంది" అని ఒకే చోట ఆగుతుంది, ప్రతి వాక్యం "ఇది" అనో "ఆమె" అనో మొదలవుతుంది. మనం అలా ఆగం. బస్సు దిగి, గోవిందరాజస్వామి గుడి వీధిలో టిఫిన్ తిని, అమ్మమ్మ అడిగిన పసుపు కుంకుమ కొనుక్కుని, ఇంక టైముందని కపిలతీర్థం కూడా చూసుకుని ఇంటికొచ్చాం అని ఒక్క ఊపులో చెప్పేస్తాం, ఎవరు వెళ్ళారో ఒక్కసారి కూడా అనకపోయినా వినేవాళ్ళకు తెలుస్తుంది. కాబట్టి నేను ముందు అవసరం లేని "ఆమె"లు, "ఇది"లు, "ఒక"లు తీసేస్తాను, తర్వాత ఒకదాని వెంట ఒకటి జరిగిన పనుల్ని ఒకే వాక్యంలోకి తెస్తాను. అప్పుడు వాక్యాలు వాటంతటవే కొన్ని పొడుగ్గా, కొన్ని పొట్టిగా వస్తాయి.

అన్నిటికంటే టైము పట్టేవి సన్మానపత్రాలు. కార్వేటినగరం వైపు హైస్కూల్లో ఒక టీచర్ రిటైరవుతుంటే, తోటి మాస్టారు ఏఐతో రాయించి తెచ్చారు. "ఆమె కేవలం ఒక ఉపాధ్యాయురాలు మాత్రమే కాదు, ఆమె ఒక మార్గదర్శి, ఒక స్నేహితురాలు మరియు ఒక స్ఫూర్తి. ఆమె అసంఖ్యాకమైన విద్యార్థుల జీవితాలను తాకారు." పేరు మార్చి రాష్ట్రంలో ఏ టీచరుకు ఇచ్చినా చెల్లిపోతుంది ఇది. అసలు సన్మానపత్రం "ఆమె" అని రాసేది కాదు. సభలో ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగా చదివి, ఆవిడ చేతికే ఇచ్చేది, "మీరు" అని పలకాలి. పేరా పేరాకు పైన "విద్యాదాత్రీ!" లాంటి పిలుపు ఉండడం మన ఆనవాయితీ, దాన్ని పాతకాలపు అలంకారం అని తీసేయడం నాకిష్టం ఉండదు.

"సార్, మేడమ్ అనగానే మీకు గుర్తొచ్చేది ఒక్కటి చెప్పండి" అన్నాను. సాయంత్రం పుత్తూరు బస్సు లేటయితే ఆడపిల్లలందరూ ఎక్కేదాకా ఆవిడ స్టాపులోనే నిలబడేవారట, తన ఊరి బస్సు వచ్చి వెళ్ళిపోయినా సరే. "మీ బస్సును వదులుకుని మా పిల్లలను బస్సెక్కించారు" అని రాశాం. మాస్టారే ఆ లైను రెండుసార్లు చదువుకున్నారు. అదే పత్రంలో ఏఐ రాష్ట్రస్థాయి అవార్డు ఒకటి దానంతట అదే కలిపేసింది, ఆవిడకు అలాంటిది రాలేదు. అందుకే సంవత్సరాలు, అవార్డులు, పేర్లు అన్నీ ఇచ్చినవాళ్ళను అడిగి సరిచూసుకోకుండా నేను ఏ కాగితమూ ప్రెస్సుకు పంపను. మనిషి రాసినట్టుండాలని జరగని జ్ఞాపకాలు అల్లమని ఎవరైనా అడిగితే అసలే ఒప్పుకోను. చెప్పని అమ్మమ్మతో సామెతలు చెప్పించడం కూడా అలాంటిదే.

"మేము", "మనం" తేడా మాత్రం ప్రతిసారీ చూసుకోవాలి. "మేమందరం కలిసి పండగ చేసుకుందాం" అని రాస్తే పిలిచినవాళ్ళనే బయట నిలబెట్టినట్టు. అలాగే ఒకే పేరాలో ఒక పెద్దాయన "అతను"గా మొదలై "ఆయన"గా ముగుస్తుంటాడు.

యాసతో రాయమంటే ఇంకా జాగ్రత్త కావాలి. చిత్తూరు యాస అడిగితే ఏఐ వాక్యానికొక "అబ్బా" తగిలించి, మధ్యలో గోదావరి "అండీ"లు కలిపి ఇస్తుంది. మన దగ్గర యాస క్రియలో ఉంటుంది, "వస్తా ఉండా", "చెప్తా ఉండాడు" అన్నప్పుడు అది పలుకుతుంది. దాన్ని కూడా అందరి నోటా పెట్టక్కర్లేదు. తిరుపతిలో మే నెలలో భక్తులు వేషాలు కట్టి చేసుకునే తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద ఒక వ్యాసం వచ్చింది, "భక్తి, సంస్కృతి, సంప్రదాయాల అపూర్వ సమ్మేళనం" అని. ఆ మాట ఏ ఊరి జాతరకైనా సరిపోతుంది. దాని బదులు బైరాగి వేషానికి ఒంటికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి పూసుకుంటారని రాసి, వేషం కట్టిన మనిషి మాటల్ని మాత్రం ఆయన అన్నట్టే ఉంచాం. తిరుపతి వాళ్ళకు మే నెల కళ్ళముందుకొస్తుంది, బయటివాళ్ళకు చూడాలనిపిస్తుంది.

"డిటెక్టర్లో దొరక్కూడదు" అని వచ్చేవాళ్ళూ ఉన్నారు, ఎక్కువగా కాలేజీ పిల్లలు. ఏఐ రాతను పట్టుకునే తన సొంత టూల్‌ను చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తెచ్చి, సరిగ్గా పట్టలేకపోతోందని అదే ఏడాది జులైలో తీసేసింది. వాళ్ళు చెప్పిన లెక్క ప్రకారమే అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసింది, అదీ ఇంగ్లీషు పాఠాల మీద. అలాంటి మీటర్ కోసం వాక్యాన్ని వంకర తిప్పడం నాకు నచ్చదు. ఏఐ రాతను మనిషి రాతలా మారుస్తామని "హ్యూమనైజర్" పేరుతో అమ్మే టూల్స్ పర్యాయపదాలు మార్చి ఉన్న అర్థాన్ని కూడా చెడగొడతాయి. చదివేవాళ్ళ కోసమైతే ఎంతసేపైనా కూర్చుని దిద్దుతాను, మీటర్ కోసమైతే వద్దని పంపించేస్తాను.

కొన్నిసార్లు దిద్దడంకంటే పక్కన పడేసి మళ్ళీ రాయడమే తేలిక. అలాంటప్పుడు కస్టమర్‌కు ఒకటే చెప్తాను, చెప్పాలనుకున్నది మీ అక్కకు చెప్పినట్టు వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి అని. దామలచెరువు నుంచి ఊరగాయ అమ్మే ఒకామె అలాగే పెట్టింది. "కాయ కోసిన రోజే ముక్క కొట్టేస్తామన్నా, మర్నాటికి పెట్టుకోం, ఉప్పు ఎండలో పెట్టి కొట్టుకుంటాం" అంది. ఏఐ ఇచ్చిన "నాణ్యతకు మారుపేరు" కొట్టేసి, "కోసిన రోజే ముక్క కొడతాం, మర్నాటికి ఉంచం" అని సీసా లేబుల్ మీద వేయించాం, కింద ఆమె ఫోన్ నెంబరు.