ఎనిమిదో అవెన్యూ ఫైర్ స్టేషన్

రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలోనే ఉంది, న్యూయార్క్ మాన్‌హాటన్‌లో 48వ వీధి మూల మీద, అయినా ఇన్నాళ్లూ సైరన్ వినపడితే చెవులు మూసుకుని దాటిపోవడమే తప్ప ఎప్పుడూ ఆగి చూడలేదు. నిన్న ఆగాను.

ఇంజిన్ 54, లాడర్ 4, బెటాలియన్ 9 అనే అగ్నిమాపక దళాలన్నీ ఆ ఒక్క స్టేషన్‌లోనే. చుట్టూ బ్రాడ్‌వే థియేటర్లు కదా, అందుకే "ఒక్క ప్రదర్శన కూడా తప్పలేదు" అని వాళ్ల నినాదం. 2001 సెప్టెంబర్ 11 పొద్దున ఇక్కడి నుంచి బయల్దేరిన 15 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ని మొదటి విమానం గుద్దింది 8:46కి, అక్కడ షిఫ్ట్ మారేది 9 గంటలకి. ఇంకో పావుగంటలో డ్యూటీ దిగి ఇంటికెళ్లాల్సిన వాళ్లు కూడా బండెక్కారంటే ఏమనాలి?

ఆ 15 మంది ఫొటోల ముందు నిలబడి ఒక్కో పేరూ చదివాను. చిన్నప్పుడు మా ఊళ్లో గడ్డివాములు అంటుకున్నప్పుడు ఎర్ర బండి రాగానే అమ్మ దణ్ణం పెట్టడం గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో గంట మోగింది, తలుపు పైకి లేచింది, కుర్రాళ్లు బండెక్కి వెళ్లిపోయారు. ఈసారి చెవులు మూసుకోలేదు.