ఉగాది ప్రోగ్రాం లాగ్: ఫైలు పేరు చూసి కంపైలర్ ఏం చేస్తుందో

ఇంగ్లిష్ సంవత్సరం ఇస్తే ఆ ఉగాదికి మొదలయ్యే తెలుగు సంవత్సరం పేరు చెప్పే చిన్న ప్రోగ్రాంని రకరకాల భాషల్లో రాసుకుంటూ వస్తున్నాను. లెక్క తేలికే. 1987 తీసేసి 60తో భాగించాలి. శేషం సున్నా అయితే ప్రభవ, 38 అయితే విశ్వావసు, అంటే 2025. లెక్క అన్నిట్లో ఒకటే కాబట్టి ఈసారి ధ్యాసంతా ఫైలు పేర్ల మీద పెట్టాను.

జీసీసీ అనే కంపైలర్ (రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చే ప్రోగ్రాం) ఫైలు లోపల ఏముందో చూసి భాష తేల్చుకోదు, పేరు చివర చూస్తుంది. డాట్ తర్వాత చిన్న సి ఉంటే సి భాష, పెద్ద (క్యాపిటల్) సి ఉంటే సి ప్లస్ ప్లస్. పేర్ల పట్టిక కోసం మాలక్ అనే ఫంక్షన్‌తో మెమరీ తీసుకుని నేరుగా పాయింటర్‌లో (మెమరీ చిరునామా దాచే వేరియబుల్‌లో) పెట్టే లైను ఒకటి రాశాను. చిన్న సితో కిక్కురుమనకుండా కంపైల్ అయింది. కోడ్ ముట్టుకోకుండా పేరులో సి మాత్రం పెద్దది చేస్తే, ఆ రకం మార్పిడి (కన్వర్షన్) చెల్లదని ఎర్రర్! పైగా ఈ రెండు ఫైళ్లూ మామూలు పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఇమడవు, అందులో ఉండే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌కి పెద్ద చిన్న అక్షరాల తేడా పట్టదు. అందుకే డాట్ సీపీపీ అనే పెడుతున్నాను. పేరు మార్చడం కుదరకపోతే మైనస్ ఎక్స్ ఆప్షన్‌తో భాష మనమే చెప్పొచ్చు.

ఫోర్‌ట్రాన్ భాషకి ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత పుస్తకం పక్కన పెట్టుకున్నాను. డాట్ ఎఫ్ అంటే పంచ్ కార్డుల నాటి పద్ధతి: మొదటి 5 గడులు లేబుల్‌కి, 6వది కొనసాగింపు గుర్తుకి, 7 నుంచి 72 దాకా కోడ్. డాట్ ఎఫ్90 అయితే ఎక్కడనుంచైనా రాయొచ్చు. లైను మొదటి గడిలోనే మొదలయ్యే ప్రోగ్రాంని డాట్ ఎఫ్ పేరుతో ఇస్తే, లేబుల్ చోట అంకె కానిది ఉందంటూ ఫోర్‌ట్రాన్ కంపైలర్ జీఫోర్‌ట్రాన్ ఆపేస్తుంది. ఎఫ్90 అని ఉంది కదా, 1990 తర్వాత వచ్చిన ఫీచర్లు వాడకూడదేమో అని టెన్షన్ అక్కర్లేదు. 2008 ప్రమాణం కోడ్ కూడా అందులో చక్కగా నడుస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఏడా భాష. దాని కంపైలర్ జీన్యాట్‌లో ప్యాకేజీ పేరే ఫైలు పేరు: అన్నీ చిన్న అక్షరాలు, చుక్క ఉన్నచోట హైఫన్, స్పెసిఫికేషన్‌కి (బయటికి కనిపించే భాగానికి) ఏడీఎస్, బాడీకి (అసలు కోడ్‌కి) ఏడీబీ. పేరు తప్పితే ఏ పేరుండాలో కూడా వార్నింగ్‌లో చెబుతుంది. అన్నీ ఒకే ఫైల్లో రాసేసుంటే జీన్యాట్‌చాప్ అనే టూల్ సరైన పేర్లతో విడగొట్టి ఇస్తుంది. ప్రతి కంపైలరూ ఇంత శ్రద్ధగా ఉంటే ఎంత బాగుండేదో.

జావా సంగతి చాలామందికి తెలిసిందే, పబ్లిక్ క్లాసు పేరూ ఫైలు పేరూ ఒకటే కావాలి. అయితే జావా 11 నుంచి జావాసీ (జావా కంపైలర్) లేకుండా సోర్స్ ఫైలుని నేరుగా నడిపితే ఆ పట్టింపు లేదు.

ప్రస్తుతానికి ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చాను, జావాది తప్ప. సహాయక ఫంక్షన్ల ఫైలుకి ఏయూఎక్స్ అనే పేరు పెట్టట్లేదు, విండోస్‌లో అది రిజర్వ్ చేసిన పేరు. తర్వాత ఓక్యామల్ భాష. అందులో ఫైలు పేరులో మొదటి అక్షరం పెద్దదై అదే మాడ్యూల్ పేరవుతుంది. కాబట్టి ముందు పేరు ఖాయం చేసుకుని కోడ్ మొదలుపెడతాను.