సున్నా అని చెప్పడానికి కావలసిన లెక్క

హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి క్రమం తప్పకుండా మందులు వాడుతూ, రక్తంలోని వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయి, ఆ స్థితి నిలకడగా ఉన్నప్పుడు, ఆ వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఈ మాటను స్త్రీపురుష జంటలకు ధైర్యంగా చెప్పగలిగిన చాలాకాలానికి గాని పురుష జంటలకు అంతే ధైర్యంగా చెప్పడం సాధ్యం కాలేదు. ఆ ఆలస్యానికి కారణం వైరస్ స్వభావంలో కన్నా, ఎవరిని ఎంతకాలం గమనించి లెక్క కట్టారన్న దానిలోనే ఎక్కువగా ఉంది. ప్రజారోగ్య విద్యార్థులకు గణాంకాలు బోధించడం నా వృత్తి కాబట్టి నాకు ఆ లెక్క మీదే ఆసక్తి.

ఈ టపా రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. నన్ను అక్కా అని పిలిచే ఒక కుర్రాడు, కొన్నేళ్లుగా హెచ్‌ఐవీని అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు వాడుతున్నవాడు, ఈమధ్య ఫోన్ చేసి, "అక్కా, మా కౌన్సెలర్ గారు నీ వల్ల నీ స్నేహితుడికి రిస్క్ బాగా తక్కువ అంటారే గాని, రిస్క్ లేదు అని మాత్రం అనరు. ఏదో ఒకటి తేల్చి చెప్పవచ్చు కదా?" అని అడిగాడు. ఆ కౌన్సెలర్ జాగ్రత్తపరురాలే అయి ఉంటారు, కాని ఆ జాగ్రత్తకు ఇప్పుడు శాస్త్రం మద్దతు లేదు. ఒకప్పుడు ఉండేది.

ఉగాండాలోని రకాయ్ జిల్లాలో, భార్యాభర్తల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న 415 జంటలను గమనించిన అధ్యయనం 2000లో వెలువడింది. పాజిటివ్ భాగస్వామి రక్తంలో మిల్లీలీటరుకు 1,500 కన్నా తక్కువ వైరస్ కాపీలు ఉన్న జంటల్లో ఒక్కరికి కూడా వైరస్ సోకలేదు. వైరస్ పరిమాణమే అసలు విషయమని అప్పటికే తెలిసిందన్న మాట. 2008 జనవరిలో స్విట్జర్లాండ్ వైద్య నిపుణులు మరో అడుగు ముందుకు వేసి, ఆరు నెలలుగా వైరస్ అణగి ఉండి, ఇతర సుఖవ్యాధులేవీ లేని వ్యక్తి నుంచి హెచ్‌ఐవీ సోకదని ప్రకటించినప్పుడు ప్రపంచమంతటా దుమారం రేగింది. తొందరపడ్డారన్నారు, బాధ్యత లేదన్నారు. వారు ఆధారంగా చూపిన అధ్యయనాలన్నీ స్త్రీపురుష జంటలవే కావడం ఆ విమర్శలలో ఒకటి, అది న్యాయమైన విమర్శ కూడా. 2011లో వచ్చిన హెచ్‌పీటీఎన్ 052 ప్రయోగం స్విట్జర్లాండ్ నిపుణుల వాదనకు గట్టి బలం చేకూర్చింది. తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో జరిగిన ఈ ప్రయోగంలో మన చెన్నై, పుణె నగరాల జంటలు కూడా ఉన్నాయి. చికిత్స వెంటనే మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని తేలింది. కాని ఆ జంటల్లో 97 శాతం స్త్రీపురుష జంటలే. పురుష జంటల గురించి ఏదైనా చెప్పడానికి మిగిలిన ఆ గుప్పెడు జంటలు చాలవు.

అలా చాలకపోవడమంటే ఏమిటో తరగతిలో చెప్పడం నాకు ఇష్టమైన పాఠం. ఒక తోటలో ఒక్క రాత్రి కాపలా కాసి పాము లేదన్నవాడి మాటకూ, ఏడాది పొడవునా కాసి లేదన్నవాడి మాటకూ తేడా ఉంటుంది కదా. ఇద్దరూ చూసినది సున్నా పాములే, కాని ఆ సున్నాల విలువ ఒకటి కాదు. గణాంకాల్లో దీనికి ఒక తేలికైన లెక్క ఉంది. ఎంతో కాలం గమనించినా ఒక్క సంఘటన కూడా జరగనప్పుడు, సుమారు 3.7ను ఆ పరిశీలన కాలంతో భాగిస్తే, అసలు రేటు ఎక్కువలో ఎక్కువ ఎంత ఉండవచ్చునో 95 శాతం కాన్ఫిడెన్స్‌తో చెప్పే పైహద్దు వస్తుంది. కాలం పెరిగే కొద్దీ ఆ హద్దు దిగుతూ వస్తుందే గాని, ఎన్నటికీ పూర్తిగా సున్నాను తాకదు. కౌన్సెలర్లు "తక్కువ" అన్న మాట దగ్గర ఆగిపోవడానికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం.

ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, మందులతో వైరస్ అణగి ఉన్న జంటలను గమనిస్తూ యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాన్ని ఈ లెక్కతో చదివితే అది ఎందుకు రెండు దశలుగా జరిగిందో అర్థమవుతుంది. 2016లో వెలువడిన మొదటి దశలో స్త్రీపురుష జంటలు, పురుష జంటలు రెండూ ఉన్నాయి. కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిసినా, పాజిటివ్ భాగస్వామి నుంచి వైరస్ సోకిన సందర్భం ఒక్కటీ లేదు. మొత్తం మీద పైహద్దు వంద జంట-సంవత్సరాలకు (ఒక జంటను ఏడాది పాటు గమనిస్తే ఒక జంట-సంవత్సరం) 0.30. గుద సంభోగం వరకు మాత్రమే లెక్క వేస్తే అది 0.71. రెండూ సున్నాలే, కాని పురుష జంటల సున్నా వెనుక అంత కాపలా లేదు. చాలామంది పరిశోధకులు ఇక్కడితో ఆగి, "ఇద్దరికీ వర్తిస్తుందని భావించవచ్చు" అని ఒక వాక్యం రాసి ముగించేవారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఆలిసన్ రాడ్జర్ బృందం అలా చేయలేదు. రెండో దశలో పురుష జంటలను మాత్రమే తీసుకుని, అదే స్థాయి నిశ్చయం వచ్చేదాకా కొనసాగించారు. పరిశోధనలో సమానత్వం అంటూ ఒకటుంటే అది ఇలా ఉంటుందని నా అభిప్రాయం.

ఆ ఫలితం 2019 మే నెలలో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 14 దేశాలు, 782 జంటలు, 1,593 జంట-సంవత్సరాలు, కండోమ్ లేని సంభోగాలు 76,088. భాగస్వామి నుంచి సోకిన కేసులు సున్నా. 3.7ను 1,593తో మీరే భాగించి చూడండి, వందకు 0.23 వస్తుంది. వ్యాసంలో వారు ఇచ్చిన పైహద్దు కూడా అదే.

అయితే ఆ కాలంలో 15 మంది నెగటివ్ పురుషులకు హెచ్‌ఐవీ సోకిన మాట నిజం. ఈ వివరం విన్న విద్యార్థులు వెంటనే ముఖాలు చూసుకుంటారు. ఆ 15 మంది వైరస్ జన్యుక్రమాన్ని, వారి వారి భాగస్వాముల వైరస్ జన్యుక్రమంతో పోల్చి చూసినప్పుడు ఒక్కటీ కలవలేదు. నెగటివ్ పురుషుల్లో 37 శాతం మంది బయటివారితో కూడా కండోమ్ లేకుండా కలిశామని రాసి ఇచ్చారు కాబట్టి, అవి అటునుంచి వచ్చినవని అనుకోవడానికి ఇబ్బంది లేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం "రాసి ఇచ్చారు" అన్న ఆ విషయమే. ఎవరితో, ఎన్నిసార్లు, ఎలా కలిశారో ఆ పురుషులు ఎప్పటికప్పుడు ప్రశ్నాపత్రంలో నింపుతూ వచ్చారు. కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతులను నర్సు చేతికిచ్చే కాగితంలో రాశారు. వారు అబద్ధం రాసి ఉంటే 76,088 అన్న అంకెకు అర్థమే లేదు.

ఆ కాగితాలు అక్కడ నిండుతున్న సంవత్సరాల్లో మన దేశంలో పరిస్థితి ఏమిటి? 2009 జూలైలో స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్‌కు ఢిల్లీ హైకోర్టు కత్తెర వేస్తే, 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. మళ్లీ 2018 సెప్టెంబరు 6న గాని పరస్పర అంగీకారం ఉన్న పెద్దల మీద నుంచి ఆ సెక్షన్ తొలగలేదు. ఆ దాదాపు అయిదేళ్ల పాటు అలాంటి ప్రశ్నాపత్రం నింపడమంటే, మన దగ్గర నేరాన్ని స్వహస్తాలతో ఒప్పుకోవడమే. ఇది ఊహించుకున్న భయం కాదు. 2001 జూలైలో లక్నోలో హెచ్‌ఐవీ నివారణ కోసం కండోమ్‌లు, కరపత్రాలు పంచుతున్న సంస్థల కార్యకర్తలను ఇదే సెక్షన్ కింద పట్టుకుని నెలన్నరకు పైగా జైల్లో ఉంచారు. ఈ చట్టం ఉన్నంతకాలం ఈ పురుషులు చికిత్సకు, నివారణకు దొరకరని 2006లో కోర్టుకు ప్రమాణపత్రంలో చెప్పినది కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకోయే. అదే కేసులో హోంశాఖ సెక్షన్‌ను సమర్థించింది. ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు ఒకే కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డాయి.

అందుకే మన ఊళ్లలోని పురుష జంటలకు మనం చెప్పే సున్నా బయటి దేశాల వారి ఓపికతో వచ్చిన సున్నా. అది వైరస్‌కు సంబంధించినది కాబట్టి విజయవాడలోనూ అదే పనిచేస్తుంది. ఆ 782 జంటలూ పురుష జంటలే కాబట్టి ట్రాన్స్ మహిళల గురించి ఈ అధ్యయనం విడిగా ఏమీ చెప్పదు, ఆ లెక్క వేరే కట్టవలసిందే. అయినా, వైరస్ పరీక్షకు అందని స్థితిలో ఉన్నవారి నుంచి లైంగిక భాగస్వామికి సోకే ప్రమాదం సున్నా అని 2023 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ కలిపి స్పష్టంగానే ప్రకటించింది.

కుర్రాడికి నేను చెప్పినది ఇది. లేదు అన్న మాటే సరైనది, కాని అది ఒక కాగితం మీద ఆధారపడిన మాట. ఆ కాగితం, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు. ఏఆర్‌టీ కేంద్రాల్లో మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, తరువాత ఏడాదికి, అక్కడి నుంచి ఏటా ఒకసారి ఆ పరీక్ష ఉచితంగా చేస్తారు. రిపోర్టు "బాగుంది" అంటే సరిపెట్టుకోక, అంకె ఎంత వచ్చిందో అడిగి రాసుకోవాలి. మధ్యలో కొన్ని నెలలు మందులు ఆపినవాడికి పాత రిపోర్టు పనికిరాదు. సిఫిలిస్, గనేరియా వంటివి ఈ మందులతో ఆగవు కాబట్టి వాటి పరీక్షలు, వాటి కోసం కండోమ్ వేరే సంగతి. అతని స్నేహితుడికి బయట ఇంకెవరైనా ఉంటే, పార్ట్‌నర్‌లోని ఆ 15 మంది కథ అతనికి వర్తిస్తుంది. అప్పుడు, హెచ్‌ఐవీ లేనివారు అది సోకకుండా ముందుగా వాడే ప్రెప్ మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడవలసినవాడు ఆ స్నేహితుడే గాని ఇతను కాదు. ఈ చివరి మాట విని కాసేపు ఊరుకుని, "అది నువ్వే వాడికి చెప్పక్కా" అన్నాడు. సరేనన్నాను.