కత్తిరి ఎండలో చాక్లెట్ల బేరం

మా పెద్దన్న కూతురి ఓణీల వేడుకకు వచ్చే పిల్లలందరికీ తలా ఒక చిన్న సంచి ఇవ్వాలని, అందులో ఒక్కొక్క దేశపు మిఠాయి ఒక్కొక్కటి ఉండాలని ఆ అమ్మాయే పట్టుబట్టింది. సంచిలో ఏమేముండాలో ఒక కాగితం మీద రాసి నా చేతికిచ్చింది. స్విట్జర్లాండు, అమెరికా, జర్మనీ, స్పెయిన్, ఇండోనేషియా, కొరియా అని దేశాల పేర్లు మాత్రమే అందులో ఉన్నాయి. మిఠాయిల పేర్లు కనుక్కొనే పని నాకు వదిలేసింది. చెన్నైలో అక్కా బావా ఉన్నారు కనుక, బావగారికి జార్జిటౌన్ వీధులన్నీ కొట్టిన పిండి కనుక, మే నెల రెండో వారంలో నేను చిత్తూరు నుండి కారులో బయలుదేరాను.

చిత్తూరులో పుట్టి పెరిగినవాడు చాక్లెట్ల కోసం పొరుగూరికి వెళ్లడమంటే, అరటితోట ఇంటి వెనకే పెట్టుకొని విస్తరాకులు కొనబోవడం వంటిది. మా ఊరి న్యూట్రిన్ కంపెనీని 1952లో బి.వి. రెడ్డిగారు స్థాపించారు. మా చిన్నతనంలో ఆ ఫ్యాక్టరీ వైపు నుండి గాలి తిరిగిన సాయంత్రాల్లో, పాలూ చక్కెరా కలిసి కాగుతున్న వాసన మేము ఆడుకొనే చోటికి వచ్చేది. మహాలాక్టో, ఆశ, కోకానాకా అనే పేర్లు మాకు చుట్టాల పేర్లంత దగ్గరివి. 2006లో ఆ కంపెనీని గోద్రెజ్ వారు కొన్నారు. మరుసటి ఏడాది అమెరికాకు చెందిన హెర్షీ కంపెనీ అందులో భాగస్వామి అయింది. 2012లో గోద్రెజ్ వారి వాటాను కూడా కొనుక్కొని హెర్షీయే పూర్తి యజమాని అయింది.

ఈ అమ్మకంలో ఒక తమాషా ఉంది. హెర్షీ సంస్థను స్థాపించిన మిల్టన్ హెర్షీ మొదట క్యారమెల్ వ్యాపారి. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పట్టణంలో నడుపుతున్న తన క్యారమెల్ కంపెనీని ఆయన 1900లో పది లక్షల డాలర్లకు అమ్మివేసి, ఇక ముందు కాలం చాక్లెట్‌దేనని నమ్మి ఆ వ్యాపారంలోకి పూర్తిగా దిగాడు. తాను వదిలించుకొన్న పాలూ చక్కెరల పాకాన్నే కాచే చిత్తూరు ఫ్యాక్టరీని, శతాబ్దం గడిచాక తన పేరు పెట్టుకొన్న కంపెనీ వెతుక్కుంటూ వచ్చి కొన్నదంటే, ఆ పెద్దమనిషి ఏమనుకొనేవాడో!

రాణిపేట, కాంచీపురం దారిలో వచ్చి మధ్యాహ్నానికి పెరంబూరు చేరాను. అక్క పెట్టిన మజ్జిగన్నం తిని, ఆ పూట ఇల్లు కదలలేదు. ఈ ఎండల్లో మధ్యాహ్నం బయటికి పోవడం తెలివైన పని కాదని బావగారు తేల్చేశారు. మర్నాడు పొద్దున్నే ఇద్దరం లోకల్ రైల్లో బీచ్ స్టేషన్‌కు బయలుదేరాము. ఆండర్సన్ వీధిలోని ఒక కాగితాల దుకాణంలో ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి కావడం వల్ల, అక్కడి ప్రతి సందూ ఎక్కడ తేలుతుందో ఆయనకు తెలుసు.

పారీస్ కార్నర్‌ను చెన్నైలో అందరూ పారీస్ అనే అంటారు. అది ఫ్రాన్సు రాజధాని పేరని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. నిజానికి అది థామస్ పారీ అనే వేల్స్ దేశస్థుడి పేరు. 1788లో మద్రాసుకు వచ్చి వ్యాపారం మొదలుపెట్టిన ఈ మనిషి పేరు మీదనే ఆ కూడలి నిలిచిపోయింది. మూల మీద ఉన్న డేర్ హౌస్ ఇప్పటికీ ఆ వ్యాపార వారసత్వానికి గుర్తు. కడలూరు దగ్గరి నెల్లికుప్పంలో పారీ వారికి చక్కెర మిల్లు ఉండేది; చక్కెర ఉన్న చోట బిళ్లలు తయారుకావడానికి ఆలస్యమెందుకు? 1914లో పారీస్ మిఠాయిల కంపెనీ పుట్టింది. కాఫీ బైట్, లాక్టో కింగ్ ఆ ఇంటి పిల్లలే. 2004లో ఈ కంపెనీని కొరియాకు చెందిన లొట్టే వారు కొన్నారు.

డేర్ హౌస్ ఎదుట, బస్సుల హారన్ల మధ్య నిలబడి బావగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన తల ఊపి, “అయితే నీ కాగితంలోని కొరియా ఇక్కడే దొరికిందన్నమాట. ఇంకేం వెతుకుతావయ్యా?” అన్నారు.

ఆ మాట పట్టుకొనే ఒక టోకు దుకాణంలోకి నడిచాము. మూడు మెట్లు ఎక్కితే ఇరుకైన గది. నేల నుండి పైకప్పు దాకా ప్లాస్టిక్ డబ్బాలు. యజమాని ఇంటిభాష తెలుగే, కాని ఆ తెలుగు తమిళం గదిలో చాలాకాలం కాపురముండి వచ్చినట్టు ఉంది. “చాక్లెట్టా, మిట్టాయా? ఏది కావాలో ముందు చెప్పండి సార్,” అన్నాడు. ఆ ప్రశ్న నన్ను కాసేపు ఆపేసింది. మన ఇళ్లలో పిప్పరమెంటు బిళ్లనూ చాక్లెట్టే అంటాము, నిమ్మతొననూ చాక్లెట్టే అంటాము. ఈ వ్యాపారికి మాత్రం ఆ రెండూ వేర్వేరు సరుకులు. చక్కెర పాకం కాచి పోసినది మిఠాయి; కోకో వెన్న కలిసినది చాక్లెట్టు. మొదటిది ఎండలో తోపుడు బండి మీద పెట్టుకొనయినా అమ్ముకోవచ్చు, రెండోదానికి చల్లని గది కావాలి. ఆయన చెప్పిన తేడాను నేను అప్పుడు విన్నానే గాని, చెవికెక్కించుకోలేదు.

ఒక కాఫీ బైట్ రేపరు విప్పి నా చేతిలో పెట్టాడు. కాఫీయో టాఫీయో తేల్చుకోలేని పాత రుచే. మొదట పంటికి గట్టిగా తగిలి, నాలుక మీద కొంతసేపు తిరిగాక మెత్తబడి, చివర్లో చిరుచేదును వదిలి పోయింది. యజమానులు దేశం మారినా ఆ చేదు మారలేదని నాకనిపించింది. కాఫీ బైట్ మూడు డబ్బాలు, చాకోపై పెట్టెలు నాలుగు తీసుకొన్నాను. చాకోపై మెత్తని నురుగు పొరలో సాధారణంగా జంతువుల ఎముకల నుండి, చర్మం నుండి తీసే జెలటిన్ ఉంటుంది. మన దేశంలో లొట్టే వారు అమ్ముతున్న దాని మీద మాత్రం శాకాహారపు ఆకుపచ్చ చుక్క ఉంది. మా అమ్మ దాన్ని చూడకుండా ఏదీ ఇంట్లోకి రానివ్వదు కనుక ఆ చుక్కను నేను రెండుసార్లు చూసుకొన్నాను.

ఇక బర్మా బజారు. బర్మా నుండి తిరిగివచ్చిన శరణార్థుల బతుకుతెరువు కోసం 1969లో ఏర్పడిన ఈ అంగళ్ల వరుస బీచ్ స్టేషన్ పక్కన రోడ్డు పొడవునా సాగుతుంది. విదేశీ వస్తువు చూడాలంటే ఇక్కడికే రావాలనే కాలం ఒకటి ఉండేదని, సెంటు సీసా కోసం తానూ ఇక్కడ బేరమాడానని బావగారు చెప్పారు. ఇప్పుడు ఫోను కవర్లు, చార్జర్ల మధ్య చాక్లెట్లు కూర్చున్నాయి.

స్విట్జర్లాండుకు టోబ్లరోన్ సిద్ధంగా ఉంది. 1908లో బెర్న్ నగరంలో థియోడోర్ టోబ్లర్, అతని బంధువు ఎమిల్ బౌమన్ కలిసి దీన్ని తయారుచేశారు; టోబ్లర్ అనే పేరునూ, ఇటలీవారు బాదం, తేనెలతో చేసే టొరోనే అనే మిఠాయి పేరునూ కలిపితే ఈ పేరు వచ్చింది. దాని మీద చాలాకాలం మాటర్‌హార్న్ శిఖరం బొమ్మ ఉండేది. తయారీలో కొంత భాగాన్ని స్లోవేకియాకు తరలించాలనుకొన్నప్పుడు, స్విస్ దేశపు చట్టం అడ్డు వచ్చి 2023లో ఆ శిఖరాన్ని తీసి, పేరులేని ఒక కొండను వేశారు. వేరే ఊళ్లో వండితే గోపురం బొమ్మ వేసుకోరాదన్న నియమం మన లడ్డూలకు కూడా ఉంటే ఎంత బాగుంటుంది!

స్పెయిన్‌కు చుపా చుప్స్. 1958లో ఎన్రిక్ బెర్నాత్ పుల్లకు గుచ్చి అమ్మిన ఈ మిఠాయికి, 1969లో చిత్రకారుడు సాల్వడోర్ డాలీ పసుపు పువ్వు గుర్తు గీశాడు. చూడగానే కనపడాలని గుర్తును ఉండ పక్కన కాక నడినెత్తిన వేయించాడు. ఇండోనేషియాకు కోపికో, అదీ కాఫీ బిళ్లే. జర్మనీ దగ్గర మాత్రం నేను చిక్కుపడ్డాను. 1920లో హాన్స్ రీగెల్ అనే మిఠాయి పనివాడు బాన్ నగరంలో పెట్టిన హరిబో కంపెనీ ఎలుగుబంటి బొమ్మలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. హాన్స్, రీగెల్, బాన్ అనే మూడు మాటల మొదటి అక్షరాలను అతికించి ఆ పేరు పెట్టుకొన్నారు. కాని పొట్లం వెనుక జెలటిన్ అని రాసి ఉంది. మా అమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది. జర్మనీని కొట్టివేశాను.

అమెరికాకు హెర్షీ కిసెస్ దొరికాయి. 1907 నుండి ఇదే ఆకారం. వెండి రేకు చుట్టిన చిన్న గోపురం, నెత్తిన కాగితపు తోక. ఒకటి రుచి చూడమని అంగడివాడు ఇచ్చాడు. బావగారు నోట్లో వేసుకొని, ముఖం అటు తిప్పి, “పులిసిందేమో చూడు,” అన్నారు. పులవలేదు. హెర్షీ వారి పాల చాక్లెట్టులో బ్యూటిరిక్ ఆమ్లపు ఛాయ ఒకటి ఉంటుంది. అమెరికావారికి అది చిన్ననాటి రుచి, అలవాటు లేని నాలుకకు నిలవ వెన్న. రుచి అనేది ఎక్కడ పుట్టామన్న దానికే ఎక్కువ లొంగుతుందని నేను అనుకొంటాను.

పక్క అంగట్లో డెయిరీ మిల్క్ చూపించి “లండన్ సరుకు” అని మూడింతల ధర చెప్పారు. క్యాడ్‌బరీ వారు 1824లో బర్మింగ్‌హామ్‌లో చిన్న దుకాణంతో మొదలుపెట్టి, 1905లో డెయిరీ మిల్క్ తెచ్చిన మాట నిజమే. కాని ఇప్పుడు ఆ వ్యాపారం మోండెలీజ్ అనే కంపెనీ చేతిలో ఉంది. తడ దగ్గరి శ్రీసిటీలో, అంటే ఈ అంగడికి ఉత్తరాన గంటన్నర దూరంలో, వారి పెద్ద ఫ్యాక్టరీ 2016లో తెరిచారు. కోకో తోటలూ గోదావరి జిల్లాల కొబ్బరి చెట్ల నీడల్లోనే ఉన్నాయి. లండన్‌కు దండం పెట్టి వెనక్కి తిరిగాము.

మూడో రోజు పొద్దున సరుకంతా డిక్కీలో సర్దుకొని బయలుదేరాను. అంతవరకు అంతా సవ్యంగానే జరిగింది. దారిలో కాంచీపురంలో పట్టుచీర తీసుకురమ్మని వదిన ఫోను చేసింది. చీర ఎంపిక అంటే గంట పని అనుకొన్నాను. వీడియో కాల్‌లో ఆమె రంగులన్నీ చూసి, అంచులన్నీ చూసి, చివరకు మొదట చూసిన దానికే రావడానికి రెండున్నర గంటలు పట్టింది. అద్దాలు మూసిన కారు ఆ రెండున్నర గంటలూ నడిఎండలోనే ఉంది.

డిక్కీ తెరవగానే వాసన చెప్పింది. కోకో వెన్న కరిగేది సుమారు 34 డిగ్రీల దగ్గర. మన ఒంటి వేడి కంటే కొంచెం తక్కువ కావడం వల్లనే అది నాలుక మీద హాయిగా కరుగుతుంది, అందుకే కత్తిరి ఎండలో కారులో కూడా కరుగుతుంది. టోబ్లరోన్ త్రికోణాలు ఒకదానిలోకి ఒకటి ఒరిగి, పొడవైన ఒకే కడ్డీ అయ్యాయి. కిసెస్ గోపురాలు కూలి వెండి రేకుల్లో మడుగు కట్టాయి. చాకోపై పైపూత పొట్లానికి అంటుకుపోయింది. కాఫీ బైట్, కోపికో, చుపా చుప్స్ మాత్రం ఏమీ జరగనట్టు ఉన్నాయి; అవి పాకం సరుకు, వాటిని కరిగించడానికి ఆ ఎండ చాలదు. టోకు వ్యాపారి మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి చేరాక అన్నీ ఫ్రిజ్‌లో పెట్టాము. మర్నాటికి గట్టిపడ్డాయి గాని, టోబ్లరోన్ మీద బూడిద వంటి తెల్లని పొర కట్టింది. బూజేమోనని అమ్మ పారేయబోతే ఆపాను. కోకో వెన్న రకరకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. ఫ్యాక్టరీలో కొలిచిన వేడి, కొలిచిన చల్లదనంతో వాటిలో ఒక రకాన్నే నిలబెడతారు, మెరుపూ టప్పున విరిగే గుణమూ దానివే. మనం కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే ఆ క్రమం చెదిరి, కొవ్వు పైకి తేలి తెల్లబడుతుంది. తింటే ప్రమాదం లేదు. అతిథులకు పెట్టడానికే పనికిరాదు. అన్నకూతురు ఒక మాటా అనకుండా అన్నిటినీ గరిటెతో గోకి, పెద్ద గిన్నెలో పాలతో కలిపి కాచింది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ స్టీలు గ్లాసుల్లో స్విట్జర్లాండును, అమెరికాను కలిపి తాగాము.

వేడుక రోజుకు సంచుల్లో స్విట్జర్లాండుతో పాటు అమెరికా కూడా లోటు పడింది. నేను వీధి చివరి అంగడికి వెళ్లి మహాలాక్టో పొట్లాలు కొని తెచ్చాను. పిల్ల పొట్లాన్ని తిప్పి చూసి, హెర్షీ అన్న పేరు చదివి, సంచులకు కట్టే అట్టముక్కల మీద అమెరికా అని రాయసాగింది. అమ్మ పక్కనే కూర్చొని తమలపాకులు తుడుస్తోంది. “అదేమే, అది మన ఊరిదే కదా, అమెరికా అని రాస్తావేం?” అంది. పిల్ల పెన్ను ఆపి నా వైపు చూసింది. ఇంకా డెబ్బై అట్టముక్కలు రాయవలసి ఉన్నాయి.