పెళ్లి మార్చిలో, సీజన్ కూడా మార్చిలోనే

"సీజన్ మధ్యలో రాలేను నాన్నా" అంది లాక్రోస్ ఆట కోచ్‌గా పనిచేసే మా అమ్మాయి. మా అన్నయ్య కొడుకు పెళ్లి మార్చిలో, తెనాలిలో. మా రెండిళ్లకీ కలిపి ఆడపిల్ల తనొక్కతే. కొత్త జంట గడప దాటే ముందు గుమ్మానికి అడ్డంగా నిలబడి పేర్లు చెప్పించాల్సిన ఆడపడుచు తనే. "ఇప్పుడు నువ్వు ఆడటం లేదు కదమ్మా" అన్నాను. "అందుకే రాలేను. ఆడే రోజుల్లో నేను లేకపోతే బెంచ్ మీద ఇంకో గోల్‌కీపర్ ఉండేది. ఇప్పుడు గోల్‌కీపర్లను చూసుకునేది నేనొక్కదాన్నే" అంది.

లాక్రోస్ అంటే చివర చిన్న వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఆట. కాలేజీలో నాలుగేళ్లూ అందులో గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, ఆడింది. ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీలో అసిస్టెంట్ కోచ్. ఫిబ్రవరి నుంచి మే దాకా వాళ్లకు ఊపిరాడదు. మ్యాచ్‌లు, బస్సు ప్రయాణాలు, రాత్రి కూర్చుని వీడియోలు కత్తిరించడం. జీతం సంగతి అన్నయ్యకు ఇంకా చెప్పలేదు.

మేముండే మేరీల్యాండ్‌లో ఎవరికీ ఈ ఆట గురించి చెప్పక్కర్లేదు. 2004 నుంచి అది ఈ రాష్ట్రపు అధికారిక జట్టు క్రీడ. మా తెనాలి వాళ్లకు మాత్రం ఇలా చెబుతుంటాను: గోల్ 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. బంతి గట్టి రబ్బరు ముద్ద, బరువులో దాదాపు మన మహిళల క్రికెట్ బంతి అంత. ఫౌల్ జరిగితే 8 మీటర్ల గీత మీద నుంచి అవతలి అమ్మాయి దూసుకొచ్చి విసురుతుంది. ఫీల్డులో మిగతా ఆడపిల్లలు కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటారు. గోలీ ఒక్కతే హెల్మెట్, గొంతుకు గార్డు, ఛాతీకి ప్యాడ్ కట్టుకుని నిలబడుతుంది. వచ్చిన బంతుల్లో సగం ఆపితే మంచి గోలీ అంటారు. సగం ఆపడమంటే మిగతా సగం వెనకాల వలలో పడ్డట్టే. ప్రతి గోల్ తర్వాతా మా అమ్మాయి వంగి ఆ బంతి తీసి రిఫరీకి ఇచ్చేసి మళ్లీ నిలబడేది. నాకు చూడటం కష్టంగా ఉండేది. నూటికి తొంభై తొమ్మిది వస్తే పోయిన ఆ ఒక్క మార్కు గురించి అడిగే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. ఆ నిబ్బరం నేను నేర్పింది కాదు.

ఇంకో సంగతి. తెలుగు బడిలో పద్యం చెప్పమంటే నోరు విప్పని పిల్ల అది. పెదనాన్నతో ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడటానికి సిగ్గుపడేది. గోల్ ముందు నిలబడితే మాత్రం గొంతు మైదానం అవతలికి వినిపించేది. మొత్తం ఆట కనిపించేది గోలీకే కాబట్టి బంతి ఎడమనుందా, కుడినుందా, గోల్ వెనకాలకు వెళ్లిందా, ఎవరు ఎవరిని కాచుకోవాలి అన్నది క్షణం ఆపకుండా అరుస్తూ డిఫెండర్లకు చెబుతుండాలి. ఆ గొంతు మొదటిసారి విన్నప్పుడు నాకు గర్వం, దాంతోపాటు దిగులు కలిగాయి. ఆ గొంతు నా భాషలో నేనెప్పుడూ వినలేదు.

కిందటి ఏడు ఆమె కోచింగ్ చూడటానికి వెళ్లాం. మ్యాచ్‌కి ముందు గోలీ వార్మప్. స్టిక్ వైపు పైన, అవతలి వైపు పైన, నడుము దగ్గర, నేలకు తగిలి లేచేలా, మా అమ్మాయి వరుసగా బంతులు విసురుతోంది. ఎంతో సున్నితంగా విసురుతోందనిపించి తర్వాత అడిగాను. "అప్పుడు గోల్ వేయడం నా పని కాదు నాన్నా. బంతి గోలీకి కనబడాలి, చేతికి అందాలి. ఆపగలనన్న నమ్మకంతో తను లోపలికి వెళ్లాలి" అంది. తను విసిరేది ఎలా వస్తుందో ఆ పిల్లకు అలవాటట. ఒకరోజు వేరే ఎవరైనా విసిరితే ఆ రోజంతా తేడాగా ఉంటుందట. పెళ్లికి రానన్నప్పుడు నాకు ఈ మాటలే గుర్తొచ్చాయి. అయినా నా పట్టు విడవలేదు.

ఎందుకంటే రక్తసంబంధం ముందు, మిగతావన్నీ తర్వాత అని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పటికీ నమ్ముతాను. కానీ 2009లో మా చెల్లెలి పెళ్లికి నేను వెళ్లలేదు. మాంద్యం రోజులు. చుట్టూ ఉద్యోగాలు ఊడుతున్నాయి, వీసా స్టాంపింగ్‌కి వెళితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. లాజహోమంలో చెల్లెలి దోసిట్లో పేలాలు పోయాల్సినవాణ్ణి నేను. నా బదులు మా బాబాయి కొడుకు పోశాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. హెచ్-1బీ వీసా అనగానే అందరికీ అర్థమైపోయింది. మా అమ్మాయి కారణం ఎవరికీ అర్థం కాదు. తేడా అంతేనా, ఇంకేమైనా ఉందా అని ఆలోచిస్తే నాకు జవాబు దొరకడం లేదు. నేను ఉద్యోగం పోతుందని భయపడి ఆగాను. తను నేర్పుతున్న ఇద్దరు గోలీల కోసం ఆగుతోంది.

ఈ దేశానికి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు అడిగితే ఒక సలహా ఇచ్చేవాణ్ణి: ఆటలు హైస్కూలు దాకా ఆడనివ్వండి, కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తాయి, ఆ తర్వాత చదువు మీద దృష్టి పెట్టించండి. కాలేజీ క్రీడల్లో మూడో అంచె అయిన డివిజన్ త్రీ కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరు కాబట్టి లెక్క చూసుకోండి అని కూడా చెప్పేవాణ్ణి. ఈ మధ్య ఎవరైనా అడిగితే ఆ సలహా నోటికి రావడం లేదు. దాని బదులు ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

"మనది కాని ఆట కోసం మన వాళ్లను వదులుకుంటావా" అని ఒకసారి అన్నాను. తను కోపం తెచ్చుకోలేదు. ఈ ఆట హోడెనొషోనీ వంటి ఇక్కడి ఆదివాసీ జాతులదని, వాళ్లకది సృష్టికర్త ఇచ్చిన కానుక అని, జబ్బుపడిన మనిషి కోలుకోవాలని కూడా ఆడతారని చెప్పింది. 1904, 1908 తర్వాత మళ్లీ 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పతకాలకు ఆడబోతున్నారు. అక్కడ తమ జెండా కిందే ఆడనివ్వమని హోడెనొషోనీ వాళ్లు అడుగుతున్నారట. "ఇది నాదీ కాదు నాన్నా. నాకొకరు నేర్పారు, నేను ఇంకొకరికి నేర్పుతున్నా" అంది. మా తాత దగ్గర పద్యాలు నేర్చుకున్నవాణ్ణి, ఈ మాటకు ఎదురు చెప్పలేకపోయాను.

రానని పెదనాన్నకు తనే ఫోన్ చేసి చెప్పింది, తనకొచ్చిన తెలుగులో. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత మేనత్తకు చేసింది. గుమ్మం దగ్గర తన బదులు నిలబడమని అడిగింది. మా చెల్లెలు వెంటనే సరేనంది. మేనకోడలి మాట అర్థమై ఒప్పుకుందో, మా ఇంటి నుంచి ఎవరో ఒకరు రాకపోవడం అలవాటైపోయి ఒప్పుకుందో. మార్చిలో వెళ్లినప్పుడు అడగాలి.